మీట నొక్కుటకు ముందు

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

 

ఈ సభ ముగిసిన పిదప, ఏటేట వలెనే, తరగతులవారీగా ఛాయాచిత్రములు తీయవలసియున్నది. ఆ చిత్రములను గూర్చియే నేడు కొన్ని మాటలు చెప్పదలచితిని. ప్రధానోపాధ్యాయుడు చదువును గూర్చి మాటలాడక కెమెరాను గూర్చి మాటలాడుటేమని మీకు తోచవచ్చును. నావలన జరిగిన యొక పొరపాటు నన్నిట్లు మాటలాడించుచున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మన ఏడవ తరగతి పిల్లలకు నేనే చిత్రము తీసితిని. పిల్లలు పదునేడుగురు. మధ్యాహ్నమున బిసియూట వండి పెట్టెడి అవ్వను గూడ రమ్మని పిల్లలు చేయి పట్టి లాగుకొని వచ్చిరి. ఆమె సిగ్గుపడి, కొంగు సవరించుకొని, వెనుక వరుసలో చివరగా నిలిచెను. వరుసకు ఆరుగురు చొప్పున మూడు వరుసలు కుదిరెను. సాయంకాలము, చింతచెట్టు నీడ. వెలుతురు చాలదని నేను కటకపు రంధ్రమును సంపూర్ణముగ తెరచి, ముందు వరుసలోని బాలుని ముఖమున దృష్టి కుదిర్చి, మీట నొక్కితిని. కెమెరా వెనుకనున్న చిన్న తెరపై చూడగా బాగుగనే యుండెను. పిల్లలు ఇండ్లకు వెడలిరి.

మరుసటి యేడు ఆ అవ్వ కాలధర్మము నొందెను. బెంగళూరులో కూలిపని చేసికొను ఆమె కుమారుడు వచ్చి, "సార్, మా అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డులో ఉండేది మా అమ్మ మాదిరిగా లేదు. పిల్లోళ్లతో కలిసి దిగిందంట కదా, దాన్ని పెద్దది చేయించుకుంటాను" అనెను. నేను సంతోషముతో కంప్యూటరున ఆ చిత్రమును తెరచి పెద్దది చేసితిని. ముందు వరుస పిల్లల కనురెప్పలు లెక్కపెట్టదగినట్లున్నవి. అవ్వ ముఖము మాత్రము నీటిలో తడిసిన కాగితము వలె చెదరియున్నది. ఆ కుమారుడు నన్నొక్క మాటయు అనలేదు. "పోనీలెండి సార్" అని వెడలిపోయెను. ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది.

తప్పెక్కడ జరిగినదని పిమ్మట విచారించితిని. మన పాఠశాల కెమెరా డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. జాతికి చెందినది. దానిలో కటకము గుండ వచ్చిన వెలుగు ఒక వాలుటద్దముపై బడి, పైనున్న చిన్న తెరను తాకి, పంచకోణ పట్టకము గుండ మన కంటికి చేరును. మీట నొక్కినపుడు అద్దము పైకి లేచి, వెలుగు వెనుకనున్న సెన్సారుపై బడును. 1949లో జర్మనీయందలి డ్రెస్డెన్ నగరమున వెలువడిన కాంటాక్స్-ఎస్ మొదలు ఈ పట్టకపు ఏర్పాటు సాగుచున్నది. మనము చూచునది కటకము చూచునదే గదా యని ధైర్యము కలుగును. కాని అందొక మోసము కలదు. నేటి కెమెరాలలోని ఆ చిన్న తెరను బింబము కాంతివంతముగ కనబడునట్లు చేసియుందురు. అందుచేత 1.8 సంఖ్యగల పెద్ద రంధ్రపు కటకమును తగిలించినను, అది సుమారు 2.8 రంధ్రమునకు తగిన స్పష్టతనే కంటికి చూపును. అనగా చిత్రములో చెదరిపోవునది గూడ చూచునపుడు కొంత కుదురుగనే తోచును. నేను మోసపోయినది అచ్చటనే. నేను వాడిన 50 మిల్లీమీటర్ల కటకమునకు అయిదు మీటర్ల దూరమున, దృష్టి నిలిపిన చోటికి వెనుక స్పష్టత మూరెడైనను నిలువదు. అవ్వ నిలిచినది ముందు వరుసకు మూడు మూరలకు పైగా వెనుక.

ముందుగ చూచుకొను ఉపాయములు లేవా? కలవు. చాల కెమెరాలలో కటకము ప్రక్కన నొక బొత్తాము ఉండును. దానిని డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ అందురు. అది నొక్కినచో కటకపు రంధ్రము మనము నిర్ణయించిన కొలతకు ముడుచుకొనును. 8 సంఖ్య పెట్టి నొక్కితిమా, దృశ్యము మసకబారును. కాని ముందు వెనుకలు ఏ మేరకు స్పష్టపడునో తెలియును. చవుక రకములలో కొన్నింటికి ఈ బొత్తాము లేదు. రెండవది లైవ్ వ్యూ. దీనిని 2006లో వచ్చిన ఒలింపస్ ఇ-330 ఈ జాతి కెమెరాలకు అలవాటు చేసినది. ఇందు అద్దము ముందే పైకి లేచి, సెన్సారు చూచుచున్న బింబమే వెనుక తెరపై కనబడును. ఆ బింబమును అయిదింతలు, పదింతలు పెంచి, తెరపై జరుపుకొనుచు చివరి వరుసలోని చివరి ముఖము వరకు పరీక్షింపవచ్చును.

ఆ ఉపాయమునకును చిక్కులు లేకపోలేదు. బ్యాటరీ త్వరగ ఖర్చగును. మన తాలూకా ఎండ సంగతి చెప్పనేల? తిరుమణి పరిసరములలో 2050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము నెలకొల్పుటకు యోగ్యమైన ఎండ యిది. ఆ వెలుగులో తెర అద్దము వలె మెరయును గాని బింబము కానరాదు. అందుకు నేను తలపై తువాలు కప్పుకొని చూచెదను. పిల్లలు నవ్వుదురు. నవ్వనిండు; ముఖములు బాగుగ వచ్చును!

ఈ తువాలు క్రొత్తదియు గాదు. ఆరవ నిజాము కొలువున చిత్రకారుడై, 1886లో సికిందరాబాదున స్టూడియో తెరచిన లాలా దీనదయాళుని కాలమున చిత్రకారులు నల్లని గుడ్డ కప్పుకొని, గరుకు గాజుపలకపై తలక్రిందులుగ పడు బింబమును పరిశీలించెడివారు. ఆ పలక స్థానమున ఫలకము నుంచిన పిమ్మట వారికి బింబము కనబడదు. చూచుట ముందు, తీయుట తరువాత. ఫలకము వృథాయైనచో నష్టము గావున వారు తొందరపడెడివారు కారు. మనకు ఎన్ని చిత్రములు తీసినను ఖర్చు లేదు; అందుచేతనే ఒక్కదానినైనను నెమ్మదిగ చూడము.

మీలో ననేకుల చేతులలో నేడు ఫోనులున్నవి. ఫోను ఎల్లప్పుడును బింబమును ముందుగనే చూపును గావున మాకీ బాధ లేదనుకొందురేమో. చిన్న తెరపై అన్నియు బాగుగనే తోచును. రెండు వ్రేళ్లతో పెద్దది చేసి, అంచున నున్నవారి ముఖములు చూడుడు. అందరును అచ్చటనే యుండగా చూడుడు. వారు వెడలిన పిదప చూచి ప్రయోజనము లేదు.

అయితే పరీక్షించుటయే పనిగా పెట్టుకొనరాదు. పిల్లల నవ్వు వేడి అన్నము వంటిది, ఆరనీయరాదు. కావున వారు వచ్చుటకు ముందే బల్లలు వేసి, ముగ్గురిని మూడు వరుసలలో నిలిపి, రంధ్రము 8 సంఖ్యకు తగ్గించి, నడిమి వరుసపై దృష్టి కుదిర్చి, వెనుక మనిషిని పెద్దది చేసి చూచుకొనవలెను. వెలుతురు చాలనిచో చెట్టునీడ వీడి కొంత వెలుగునకు రావలెను. పిమ్మట పిల్లలను పిలువవలెను.

నేటి చిత్రములకు నేను రెండు నియమములు పెట్టుకొంటిని. మొదటిది: బిసియూట వండువారు, పాఠశాల ఊడ్చువారు వెనుక మూలన గాక నడిమి వరుసలో కూర్చుందురు. రెండవది: చివరి ముఖము వరకు చూచినగాని మీట నొక్కను. తల్లిదండ్రులకొక ప్రార్థన: మీ కిచ్చిన ప్రతి వెనుక ఎడమనుండి కుడికి అందరి పేర్లు తెలుగున వ్రాసి పెట్టుడు. మన వెంకటమ్మనహళ్లి పిల్లలు రేపు బెంగళూరుకో, మరెచ్చటికో పోవుదురు. ముఖము మిగిలినను పేరు మరుగున పడుట గూడ ఒక విధమైన మసకయే.

తరగతి గదిలోను నాకిదియే పాఠము. ముందు బల్లపై కూర్చున్న బాలుడు స్పష్టముగ కనబడుచున్నాడని తరగతి యంతయు బాగుగ నున్నదని తలచితినేని, చివరి బల్లవాడు మసకబారును. తలపై తువాలు వేసికొనియైనను అతనిని చూడవలెను.

 ఇక చింతచెట్టు కడకు పోదము రండు.