ఎండినదని వ్రాసిన చెట్టు

 

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమన్నారు. ఊరిలెక్కలు వ్రాసినవాడను, బడిచదువు స్వల్పము, ఈ బీరువాలలోని పుస్తకములే నాకు గురువులు. కావున నేను వ్రాసిన తప్పులెక్క నొకదానిని ఈ సభయందే ఒప్పుకొనెదను.

శీతదేశములలో మేపుల్ అను వృక్షజాతి కలదు. 1965 నుండి కెనడా పతాకముపై నున్నది దాని ఆకే. శరత్తులో ఎఱ్ఱబడు ఆ వనముల చిత్రములను అమెరికాలోని మన పిల్లలు పంపుచునే యున్నారు. అయితే ఆ జాతి చలిసీమలకే పరిమితము కాదు. మధ్యధరా తీరములందలి ఎండునేలలలోను ఒక మేపుల్ పెరుగును. దాని ఆకు చిన్నది, దళసరిది. నీటిని పొదుపుగా వాడుకొనును.

మన నల్లమలలో మేపుల్ లేదు. పొదుపెఱిగిన చెట్లు మాత్రము కలవు. వానిలో నారయేపి యొకటి. దాని ఆకు జంటరేకులది. పట్ట నుండి గట్టి నార వచ్చును. చేవ నీట మునుగునంత బరువైనది. మేపుల్ గింజవలెనే దీని గింజకును రెక్క యుండును; గాలియే దానికి వాహనము. చలిదేశపు చెట్టు చలికి జడిసి ఆకు రాల్చును. మన చెట్టు దప్పికకు రాల్చును. నీరు ఆవిరియై పోవునది ఆకులనుండియే కదా! ఆకు విడిచి, లోతైన వేళ్లతో ప్రాణము నిలుపుకొని, మరల చిగుర్చును.

ఇది తెలియని వయస్సున, ఒక వేసవిలో, పొలిమేరనున్న మోడును చూచి చెట్ల లెక్కలో "ఎండినది" అని వ్రాసితిని. వేలమైనది. గొడ్డలి పడినచోట పచ్చితడి కనబడినది. కొట్టువాడు నా మొగము చూచినాడు; నేను నేల చూచితిని. అమరకోశమున వనౌషధివర్గమును వల్లించిన నోరే నాది! పేర్లు వచ్చినవి గాని చెట్టు రాలేదు.

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవునపుడు, వేసవిలో, తూర్పుకొండలను చూడుడు. బోసిగా నున్నవన్నియు చచ్చినవి కావు. రాలిన ఆకునకు నిప్పు పెట్టకుడు. అందులోనే రేపటి మొలక యున్నది. మన గ్రంథాలయమున ఊరి చెట్ల పట్టిక యొకటి వ్రాయింపుడు. ఈ పర్యాయము రెండు ఋతువులు చూచిన పిమ్మటనే వ్రాసెదను.

సెలవు.