పిల్లల మందులు – పెద్దల తెలివిడి

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి తిన్నారు, పంచాంగశ్రవణం అయినది. ఇటువంటి వేళ మందుల మాట యెత్తటం అశుభమని యెవరైనా అనుకుంటే మన్నించండి. చాలాకాలం మందుల బల్ల వెనుక నిలబడి పొట్లాలు కట్టినవాణ్ణి. నాకు తెలిసినది అదే.

చాలా యేళ్ళ కిందటి సంగతి ఒకటి మనవి చేస్తాను. మన తెలుగు తల్లి ఒకామె నాలుగేళ్ళ పిల్లవానికి చెవిలో చీము కారుతున్నదని తీసుకువచ్చింది. డాక్టరుగారు అమాక్సిసిలిన్ వ్రాశారు. వెనుక వరుసలో జనం తోసుకుంటున్నారు. నేను సీసా ఆమె చేతిలో పెట్టి, అలవాటుగా ఒడియాలో "దినకు తిని థర" అన్నాను. రోజుకు మూడుసార్లు అని దాని అర్థం. ఆమె "సరే బాబూ" అని తల వూపి వెళ్ళిపోయింది. తెలుగు చెవికి "తిని" అంటే యేమి వినబడుతుంది? తిన్న తరువాత అనే కదా! ఆ తల్లి శ్రద్ధగా రాత్రి అన్నం తినిపించి, రోజుకు ఒక్కసారి మందు పోసింది. వారం తిరిగేసరికి చీము తగ్గకపోగా జ్వరం కూడా పట్టుకున్నది. అడిగితే "మీరు చెప్పినట్టే పోశాను గదా" అన్నది. నిజమే, తప్పు నాది. పిల్లవాడు మొదటినుంచి మళ్ళీ మందు త్రాగి కోలుకున్నాడు. ఆ తల్లి ముఖం మాత్రం నేను మరచిపోలేదు.

1936లో వేరు రాష్ట్రం యేర్పడేవరకు యీ ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాకు చెందినదే. రెండు భాషలూ యిక్కడ ఒకే సంతలో తిరుగుతవి. బేరమాడటానికి మనకు వచ్చిన ఒడియా చాలును. మందు పోయటానికి చాలదు. సీసామీది వ్రాత చూడబోతే ఇంగ్లీషు. ఇంట్లో ఆ ఇంగ్లీషు చదివేది యెవరు? జ్వరంతో పడుకున్న పిల్లవాడో, వాని అక్కో! తన మందు తానే తల్లికి చదివి చెప్పిన పిల్లలను నేను చూశాను. ఆ కొలతల భేదం వారికి మాత్రం యెట్లా తెలుస్తుంది?

పారాసిటమాల్ సంగతే చూడండి. పసిపిల్లలకిచ్చే చుక్కలమందులో సాధారణంగా ఒక్క మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటుంది. సిరపులో 5 మిల్లీలీటర్లకు 125, అనగా మిల్లీలీటరుకు 25. పేరు ఒక్కటే, బలం నాలుగింతలు. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలంటే ఆ సిరపు 6 మిల్లీలీటర్లు పోయాలి. చుక్కలైతే ఒకటిన్నర చాలును. సిరపు లెక్కన చుక్కలు పోస్తే 600 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. అట్లా పదే పదే పోస్తే కాలేయం చెడుతుంది. సిరపులో 5 మిల్లీలీటర్లకు 250 వుండే రకమూ వున్నది. కనుక పాత సీసా కొలత కొత్త సీసాకు వాడకండి. వంటింటి చెంచా అసలే వద్దు.

మన్యపు జ్వరం గూర్చి కోరాపుటు వాసులకు నేను చెప్పవలసినది లేదు. 2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ కార్యక్రమం మొదలుపెట్టినది యిటువంటి మారుమూల కొండపల్లెలకోసమే. వైవాక్స్ మలేరియాకు క్లోరోక్విన్ మూడురోజులు, ప్రిమాక్విన్ 14 రోజులు. జ్వరం యెప్పుడో దిగిపోతుంది. మిగిలిన మాత్రలు వచ్చే యేటికి దాస్తాము! కాలేయంలో దాగిన క్రిములు ఆ యేడు దాకా ఆగవు. ఆ దాచిన మాత్రలే మరొక బిడ్డకు వేసేవారున్నారు. యేడాదిలోపు శిశువుకు ప్రిమాక్విన్ యివ్వరాదు.

దగ్గు మందు మాట చెప్పటానికే బాధగా వున్నది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో దగ్గు సిరపులో కలిసిన డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషంవలన మూత్రపిండాలు చెడి పసివారు మరణించారు. ఆ తల్లిదండ్రుల తప్పేమీ లేదు. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్యశాఖవారు రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వ్రాయవద్దనిన్నీ, అయిదేళ్ళలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయదగినవి కావనిన్నీ తెలిపారు. కాబట్టి పసిబిడ్డకు దగ్గు వస్తే దుకాణంలో సీసా అడగకండి, డాక్టరుకు చూపించండి.

మందు చేతికి రాగానే బల్ల దగ్గరనుంచి కదలకండి. యెంత, యెన్నిసార్లు, యెన్నాళ్ళు – యీ మూడూ వ్రేళ్ళమీద లెక్కపెట్టి మీ నోటితో తిరిగి చెప్పండి. కంపౌండరు విసుక్కుంటే విసుక్కోనీయండి. నేనూ విసుక్కున్నవాణ్ణే. ఆనాడు ఆ తల్లి ఒక్కసారి తిరిగి చెప్పివుంటే నా పొరపాటు అక్కడే బయటపడేది.

వచ్చే ఆదివారం సాయంత్రం నేను యిక్కడే కూర్చుంటాను. ఇంట్లో వున్న పిల్లల మందులన్నీ, డాక్టరుగారి చీటీలతో సహా తీసుకురండి. సీసా సీసాకూ తెలుగులో చీటీ వ్రాసి అంటిద్దాము. గడువు తీరిన సీసాలు కూడా తెండి. సిగ్గుపడవలసినది లేదు, మా ఇంట్లోనే రెండు దొరికినవి.