ఒంటరి మహిళ ఐరోపా యాత్ర: ముందస్తు సన్నాహం

ఐరోపాకు ఒంటరిగా వెళ్లదలచిన భారతీయ మహిళ భద్రత, ప్రయాణానికి కొన్ని నెలల ముందు పత్రాలు సిద్ధం చేసుకునే దశలోనే మొదలవుతుంది. తమ మధ్య సరిహద్దు తనిఖీలను తొలగించుకున్న 29 దేశాల సమూహాన్ని షెంగెన్ ప్రాంతమంటారు. స్వల్పకాలిక షెంగెన్ వీసాపై ఏ 180 రోజుల వ్యవధిలోనైనా గరిష్ఠంగా 90 రోజులు మాత్రమే అక్కడ ఉండవచ్చు. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి స్వీకరిస్తారు కాని, కనీసం 15 రోజుల ముందైనా, ఎక్కువ రోజులు గడపబోయే దేశానికి సమర్పించాలి. పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తరువాత మూడు నెలలైనా మిగిలి ఉండాలి. అత్యవసర చికిత్సకు, స్వదేశానికి తరలింపునకు వర్తించేలా కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి.

పత్రాల తరువాత ఆలోచించవలసినది తొలి రాత్రి బస. కొత్త నగరానికి పగటివేళ చేరే విమానాన్ని ఎంచుకొని, రాత్రంతా సిబ్బంది ఉండే వసతిని ముందే కుదుర్చుకుంటే, అలసిన వేళ అపరిచితులపై ఆధారపడే అవసరం చాలావరకు తప్పుతుంది. పాస్‌పోర్టు, వీసా, బీమా నకళ్లను, రోజువారీ ప్రయాణక్రమాన్ని ఇంటివద్ద నమ్మకమైన ఒకరికి అప్పగించి, ప్రతిరోజూ ఫోను చేసే వేళను, ఫోను రానప్పుడు వారు చేయవలసిన పనిని ముందే నిర్ణయించుకోవాలి.

ఐరోపా సమాఖ్య దేశాలన్నిటా అత్యవసర సహాయానికి 112 నంబరు ఉచితంగా పనిచేస్తుంది. ఫ్రాన్సులో హింసకు గురైన మహిళలకు 3919 అనే ప్రత్యేక నంబరు ఉంది. పాస్‌పోర్టు పోయినప్పుడు ఆశ్రయించవలసిన భారత రాయబార కార్యాలయం చిరునామాను, ఫోను నంబరును కాగితంపై కూడా రాసి ఉంచుకోవాలి. కుటుంబం ఈ సన్నాహంలో పాలుపంచుకున్నప్పుడు, మహిళ ప్రయాణానికి ఆంక్షల స్థానంలో అండ లభిస్తుంది.