అక్కి – మానిన పిమ్మట మిగులు బాధ

అక్కి అనిన ఎరుగనివారు మన పల్లెలలో అరుదు. కొందరు దీనిని సర్పి యందురు. నడుమునకో, ఱొమ్మునకో ఒక ప్రక్కనే, సగము ఒడ్డాణము చుట్టినట్లు నీటిపొక్కులు లేచి నిప్పువలె మండును. పాము చుట్టుకొనుచున్నదనియు, తలయు తోకయు కలిసినచో ప్రాణము దక్కదనియు పెద్దలు భయపెట్టుదురు. సామాన్యముగా అవి కలియవు. వెన్నునుండి కుడివైపునకు పోవు నరము వేరు, ఎడమవైపునకు పోవునది వేరు. వ్యాధి పట్టిన నరము మేర దాటి పొక్కు పోదు.

ఇది క్రొత్తగా అంటుకొనిన జబ్బు కాదు. చిన్ననాడు ఆటలమ్మ పోసినపుడు దేహమున చొచ్చిన వైరసు నరముల మొదళ్లలో నిద్రించుచుండి, వయసు మీరి బలము సన్నగిల్లినపుడు మేల్కొనును. ఇంగ్లండులోని సైరెన్సెస్టరు అను చిన్న పట్టణమున వైద్యుడైన హోప్-సింప్సన్ తన రోగుల చిట్టాలను ఏండ్లతరబడి పరిశీలించి 1965లో ఈ సంగతిని వివరించెను. మామూలు వైద్యుడు సాధించిన పని యని మాకు దానియందు కొంత అభిమానము.

రామతీర్థమునే తీసికొందము. బోధికొండ, గురుభక్తులకొండల నీడనున్న యీ యూరి చుట్టుపట్ల 60 ఏండ్లు దాటినవారును నాట్లకు, కోతలకు వంగవలసినదే. అక్కి లేచినచో రెండుమూడు వారముల కూలి పోవును. అది చిన్న నష్టము. పొక్కులు మాడి మూడు నెలలు గడచినను కొందరిని నొప్పి వదలదు; వయసుతోపాటు ఈ ముప్పు హెచ్చును. పైబట్ట తగిలినను కోసినట్లుండును. రవిక తొడుగలేరు, ఆ ప్రక్కకు ఒత్తిగిల్లలేరు. ఇక గోగుకట్టలను నీటినుండి ఎత్తి నార తీయుట ఎట్లు? కంటికి కనబడునది మచ్చయే గనుక ఇంటివారు సోమరితనమందురు. విజయనగరమునకు, అటనుండి విశాఖపట్టణమునకు తిరుగు బస్సు ఖర్చు, తోడు వచ్చిన కొడుకు పోగొట్టుకొనిన కూలి ఏ మందుచీటిలోను ఎక్కవు.

కుమ్మరిచేత కావితో అక్కి వ్రాయించుట మన ఆచారము. వ్రాసినవారిని మేము నిందింపము. పొక్కులు తమంతట మాడును గనుక వ్రాతకు పేరు వచ్చును. కాని పచ్చిపుండుపై మన్ను పూసిన చీము పట్టవచ్చును. అంతకన్న ముఖ్యముగా, గడువు తప్పును. ఎసైక్లోవిర్ అను మందు పొక్కు కనిపించిన 72 గంటలలోపల మొదలిడినచో బాగుగ పనిచేయును. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారికి మోతాదు తగ్గింపవలసియుండును గనుక వైద్యుని అడుగక మ్రింగరాదు. నుదుటనో ముక్కుకొననో పొక్కు లేచినచో కంటికి ముప్పు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

2023లో మనదేశమునకు క్రొత్త టీకా వచ్చినది. 50 ఏండ్లు దాటినవారికి రెండు మోతాదులు. పరీక్షలలో వ్యాధిని నూటికి 90 పాళ్లకు పైగా తగ్గించినది. వెల మాత్రము మోతాదుకు 10,000 రూపాయల దరిదాపు. 2024 జులైనుండి మన రాష్ట్రమున వృద్ధాప్యపింఛను నెలకు 4,000. అనగా రెండు సూదులకు అయిదు నెలల పింఛను! సర్కారు ఉచిత టీకాలలో ఇది చేరలేదు. చేరవలెనని అడుగుట న్యాయమే.

నొప్పి నిలిచిపోయినవారికి మామూలు నొప్పిబిళ్లలు అంతగా పనికిరావు. ఎమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటి నరముల మందులు కలవు. వానిని కొద్దికొద్దిగా పెంచుచు వారములతరబడి వాడవలెను. మొదట మత్తుగానుండును గనుక వృద్ధులు రాత్రివేళ లేచునపుడు తోడు ఉండుట మేలు.