వర్ణము – ప్రయోజనము

రేడియోలో రంగులను గూర్చి ప్రసంగించుట విచిత్రముగ తోపవచ్చును. కన్నులు చూడవలసిన దానిని చెవుల కెట్లు అందింతురని శ్రోతలు సందేహింతురు. కాని మన భాష ఈ సందేహమును కొంతవరకు ముందే తీర్చియున్నది. వర్ణమనగా రంగు, వర్ణమనగా అక్షరము, సంగీతము నభ్యసించు పిల్లలు గీతముల పిదప నేర్చుకొను రచనకును వర్ణమనియే పేరు. రాగమను మాటకు ఎరుపనియు, అనురాగమనియు, స్వరముల పోకడ యనియు అర్థములున్నవి. కంటికిని, చెవికిని, హృదయమునకును నడుమ గోడలు లేవని మన పెద్దలు ఈ మాటలను వాడుటలోనే ఒప్పుకొనిరి. ఆ ధైర్యముతోనే మేమీ ప్రసంగమునకు పూనుకొనుచున్నాము.

చిత్రకారులమగుటచే మమ్ము పలువురు తరచుగ నడుగు ప్రశ్న యొకటి కలదు: “రంగులలో ఏది మంచిది?” ఒంటరిగ నున్నప్పుడు ఏ రంగును మంచిది కాదు, చెడ్డదియు కాదు అని మా సమాధానము. దీనిని మీ యింటనే పరీక్షించి చూడవచ్చును. ఒకే భరిణలోని కుంకుమను చిటికెడు తమలపాకు మీదను, మరి చిటికెడు ఇటుకముక్క మీదను ఉంచుడు. ఆకు మీది కుంకుమ నిప్పుకణమువలె వెలుగును. ఇటుక మీదిది ఉన్నదో లేదో యన్నట్లు అణగియుండును. కుంకుమలో భేదము లేదు, పొరుగులోనే యున్నది.

ఈ సంగతి శాస్త్రముగ రూపొందిన కథ ముచ్చటైనది. పారిస్ నగరమున గోబెలిన్ అను ప్రసిద్ధమైన చిత్రవస్త్రశాల కలదు. 1824లో షెవ్రోల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు అచ్చటి అద్దకపు శాఖకు అధికారిగ నియమితుడయ్యెను. నల్లని ఉన్నికి రంగు సరిగ నెక్కుటలేదని నేతగాండ్రు ఆయనతో మొరపెట్టుకొనిరి. ఆయన ఆ ఉన్నిని ఇతరచోట్ల అద్దిన ఉన్నితో పోల్చి చూచెను. అద్దకములో లోపమేమియు కనబడలేదు. నీలము, ఊదా రంగుల సరసన నేయుటచేతనే ఆ నలుపు వెలవెల బోవుచున్నదని ఆయన గ్రహించెను. ప్రక్కప్రక్కన నున్న రంగులు ఒకదాని నొకటి మార్చు విధమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1839లో వెలువడినది. రసాయనశాలలో దొరకని దోషము కంటిలో దొరికినది! ఆనాటినుండి చిత్రకారు లెందరో ఆ గ్రంథమునకు ఋణపడియున్నారు.

అంత దూరము పోనక్కరలేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారి చెంత కూర్చుండిన వారికి వర్ణరహస్యము మరియొక విధముగ బోధపడును. వారు నూలుగుడ్డను కరక్కాయ రసమునందును పాలయందును తడిపి ఆరవేయుదురు. పాలుండుటచే రంగు ప్రాకిపోక నిలుచును. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో నానవైచి, దినముల తరబడి పులియనిచ్చి, ఆ నీటిని వెదురుకలముతో గుడ్డమీద వ్రాయుదురు. వ్రాయునపుడు ఆ నీరు పలుచగ నుండును. కరక్కాయ రసము సోకినంతనే నల్లబడును. ఎరుపు కావలసిన చోట వారు పూయునది ఎరుపు కాదు, పటికనీరు. దానికి రంగే లేదు. పిదప ఆ గుడ్డను చిరువేరు, మంజిష్ఠ మొదలగు మూలికలతో కాగులో మరిగింతురు. పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు గట్టిగ నిలుచును. తక్కినది నీటిలో పోవును. కనబడని దానితో బొమ్మను వ్రాసి, అది కనబడు దినమునకై ఓపికతో వేచియుండుట ఎంతటి సాధన!

1856లో పెర్కిన్ అను ఆంగ్లయువకుడు, పదునెనిమిదేండ్లవాడు, మలేరియా మందగు క్వినైనును చేయబోయి తారునుండి ఊదా రంగును సాధించెను. 1897లో జర్మనీనుండి కృత్రిమమైన నీలిమందు అంగళ్లకు వచ్చినది. నాటినుండి రంగులకు కొదువ లేదు. నేడు మూడవ తరగతి పిల్లవాని పెట్టెలో నున్నన్ని రంగులు పూర్వము గొప్ప చిత్రకారుల కుండియుండవు. మేము దీనికి విచారించుట లేదు. మేమును ఆ గొట్టములలోని రంగులతోనే జీవనము చేయుచున్నాము. కాని రంగులు కొరతగ నున్నప్పుడు ఆ కొరతయే చిత్రకారుని అదుపులో నుంచెను. సమృద్ధిగ నున్నప్పుడు తన్ను తానే అదుపులో నుంచుకొనవలెను. సృజన మనగా లేని రంగును పుట్టించుట కాదు. ఉన్నవానిలో దేనిని విడువవలెనో తెలిసికొనుట.

ఈ విడుచుట కొకప్పుడు వెల చెల్లింపవలసివచ్చును. కొన్నియేండ్ల క్రిందట మేమొక గోదావరి చిత్రమును వ్రాసితిమి. మునిమాపువేళ, నీరును ఆకాశమును బూడిదవన్నెలో కలిసిపోయి యున్నవి. ఒక పడవలో చిన్న లాంతరు. చిత్రమంతటిలో వెచ్చని రంగు ఆ లాంతరు ఒక్కటియే. ఒక పెద్దమనిషి చూచి మెచ్చుకొని, వెల నిశ్చయించుకొని, వెళ్లబోవుచు, “ఆకాశములో కొంచెము కెంజాయ వేయుడు, గోడకు కళ వచ్చును” అనెను. ఆయన కోరినది అధర్మము కాదు. తన గోడ, తన సొమ్ము. ఆ నెల మాకును ఆ సొమ్ముతో అవసరము లేకపోలేదు. అయినను ఆకాశము మండినచో లాంతరు ఆరిపోవును. దినమంతయు పడవ నడిపినవానికి ఇల్లు దగ్గరపడుచున్నదని చెప్పునది ఆ వెలుగే గదా! మేము సమ్మతింపలేదు. ఆయన కోపింపలేదు, కొనలేదు. చిత్రము నేటికిని మా గోడమీదనే యున్నది.

అట్లయిన చిత్రకళకు ప్రయోజన మేమి? గోడకు కళ తెచ్చుటయా? అదియు కావచ్చును, అంతటితో ఆగరాదు. కలంకారీ తెరలు దేవాలయములలో వ్రేలాడి, చదువురాని వారికి రామాయణ భారతములను చెప్పినవి. రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావు, కళాశాల ప్రధానాచార్యుడగు కూల్డ్రే దొర ప్రోత్సాహముతో బొంబాయి వెళ్లి చిత్రకళ నభ్యసించెను. పిదప స్వస్థలమునకు మరలివచ్చి చిత్రకళాపాఠశాలను నెలకొల్పెను. పురాణగాథలతోపాటు తన చుట్టునున్న తెలుగువారి జీవితమును గూడ చిత్రించెను. 1925లో, ముప్పదియేండ్లైనను నిండకమునుపే, మశూచికము ఆయనను కబళించినది. ఆయన చిత్రములు నేడును ఆ నగరమున ఆయన పేర వెలసిన చిత్రశాలలో నున్నవి. వానిముందు నిలుచున్నవారికి, నిత్యము చూచుచున్న దానినే మొదటిసారి చూచినట్లు తోచును. చిత్రమునకు ఇంతకు మించిన ప్రయోజనము మేమెరుగము. చూచి చూచి మనము చూడక మానిన దానిని తిరిగి మన కంటికి అప్పగించుటయే దాని పని.

ఈ పనిలో గృహస్థులకును పాలు కలదు. నీటిరంగుల చిత్రమును ఎండ సోకుచోట కట్టకుడు. పెక్కు రంగులు వెలుతురుకు వెలిసిపోవును. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. మీ పిల్లలు బొమ్మలు వేయునపుడు “ఆకు పచ్చగ నుండవలెను, ఇదేమి?” అని గద్దింపకుడు. వసంతమున మామిడి చిగురు రాగివన్నెలో నుండును. ఆకు ఎర్రగ వేసిన పిల్లవాడు మనకంటె శ్రద్ధగ చూచియుండవచ్చును. అట్టివానిని తోటకు తీసికొనిపోయి, “ఎచ్చట చూచితివి? చూపుము” అని యడుగుడు. వాని కది పాఠము, మీ కది కానుక.

రేపు ఉదయమున వాకిటిలో ముగ్గు వేసిన పిదప ఒక్క నిమిషము ఆగి చూడుడు. ముగ్గు తెల్లనిదని మనమందరము ఎరుగుదుము. సూర్యోదయమునకు ముందు అది లేతనీలముగ కనబడును. తొలియెండ పడినచోట పసిమి దాల్చును. గడప నీడ పడినచోట ఇంకను నీలముగనే యుండును. ఒక్క పిండితో మీరే ఇన్ని రంగులు వేసితిరి.