కుంపటి మీద కరిగిన రాజవిగ్రహం

సీసపు తూటాలను ఇంట్లో పోతపోసుకోవడం నేడు అమెరికా వంటి దేశాల్లో వేటగాళ్లు, గురికాళ్లు సాగించే వ్యాపకంగా మిగిలింది గానీ, పద్దెనిమిదో శతాబ్దంలో అది అక్కడి గృహస్థుల అవసరాల్లో ఒకటి. అందుకు కారణం తుపాకీ గొట్టంలోనే ఉంది. ఆనాటి వేట తుపాకులను పనివాళ్లు ఒక్కొక్కటిగా చేతితో తయారుచేసేవారు కనుక ఒకదాని రంధ్రం కొలత మరొకదానితో కచ్చితంగా సరిపోయేది కాదు. అందుచేత తుపాకీతోపాటు దానికి తగిన అచ్చును కూడా కొన్నవారికి ఇచ్చేవారు. పటకారు పిడులతో, నడుమ గుండ్రని గుంటతో, కజ్జికాయల అచ్చులాగా తెరుచుకుని మూసుకునే చిన్న పనిముట్టు అది.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కనుక వంటింటి నిప్పే దానికి సరిపోయేది. కరిగిన లోహంపై తేలే తెట్టును, అంటే గాలి తగిలి ఏర్పడే మలినాన్ని, తీసివేసి, గరిటెతో అచ్చులోకి పోసేవారు. అచ్చు చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది. అందువల్ల అచ్చు వేడెక్కేదాకా వచ్చిన మొదటి గుండ్లు తిరిగి మూకుడులోకే వెళ్లేవి. పోసిన చోట తొడిమలా మిగిలే సీసాన్ని కత్తిరిస్తే గుండు సిద్ధమైనట్లే. అయితే ఒక్క నీటిచుక్క కరిగిన సీసం అడుగున చిక్కినా అది క్షణంలో ఆవిరై లోహాన్ని ఎగజిమ్ముతుంది గనుక, తడి ఈ పనికి మొదటి శత్రువు.

ఈ గృహవిద్య చరిత్రకెక్కిన ఘట్టం 1776లో జరిగింది. ఆ సంవత్సరం జూలై 9న స్వాతంత్ర్య ప్రకటనను విన్న సైనికులు, పౌరులు న్యూయార్కులోని బౌలింగ్ గ్రీన్‌కు వెళ్లి, గుర్రంపై కొలువైన మూడవ జార్జి రాజు విగ్రహాన్ని తాళ్లతో లాగి పడగొట్టారు. బంగారు పూత కింద ఉన్నది సీసమే. అప్పటికి సీసానికి కటకటగా ఉండడంతో ఆ ముక్కల్లో చాలా భాగాన్ని కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు, అక్కడి నాయకుడు ఆలివర్ వోల్కాట్ ఇంటికి చేర్చారు. అక్కడ ఆడవాళ్లు, పిల్లలు కలిసి 42,088 తూటాలు పోతపోశారని నాటి లెక్క చెబుతుంది. అందులో రూత్ మార్విన్ పేరిట 11,592, వోల్కాట్ కుమార్తె మేరీ యాన్ పేరిట 10,790 ఉండగా, పదేళ్లయినా నిండని ఆయన కుమారుడు ఫ్రెడరిక్ పేరిట 936 ఉన్నాయి.

ఆ తరువాతి శతాబ్దంలో పోతపని క్రమంగా ఇల్లు విడిచింది. పిట్టల వేటకు వాడే సన్నని సీసపు రవ్వల విషయంలో 1782లోనే బ్రిస్టల్ నగరవాసి విలియం వాట్స్ కొత్త పద్ధతికి పేటెంటు పొందాడు. ఎత్తైన గోపురం పైనుంచి జల్లెడ గుండా జారిన సీసపు బొట్లు గాలిలోనే గుండ్రబడి కింది నీటిలో చల్లారేవి. యంత్రాలు గొట్టాలన్నిటినీ ఒకే కొలతకు తేవడంతో, లోహపు గుల్లల్లో తూటా, మందుగుండు కలిపి అమ్మడంతో, ఎవరి అచ్చు వారికి ఉండవలసిన అగత్యం తప్పింది. పేల్చిన గుల్లను మళ్లీ నింపుకునే పొదుపరుల కోసం మాత్రం 1884లో జాన్ బార్లో అదే కనెక్టికట్‌లో ఐడియల్ సంస్థను స్థాపించి, అచ్చులను మరల ఇళ్లకు పంపాడు.

తూటా వేగం పెరిగినకొద్దీ మెత్తని సీసం గొట్టానికి అంటుకోసాగింది. అందువల్ల దాన్ని గట్టిపరచడానికి తగరం, యాంటిమొనీ కలపడం అలవాటైంది. ముద్రణాలయాల్లో తెలుగు అక్షరాలను పోతపోసింది కూడా ఈ మూడు లోహాల మిశ్రమంతోనే. అమెరికాలో లైనోటైపు అచ్చుకూర్పు యంత్రాలు మూలపడినప్పుడు వాటి లోహం ఎంతో కొంత తూటాల మూకుళ్లకు చేరింది.

సీసం విషమన్న ఎరుక ప్రాచీనమే అయినా, పిల్లల రక్తంలో దానికి సురక్షితమని చెప్పదగిన స్థాయి ఏదీ కనబడలేదన్న నిర్ధారణ ఇటీవలిది. తెట్టులోని పొడి వేళ్లకంటి నోటిని చేరుతుంది కనుక, గాలి ఆడే చోటు, వంటకు వాడని పాత్ర, పని ముగియగానే చేతులు కడగడం అనేవి నేటి కనీస నియమాలు. వోల్కాట్ ఇంట్లో పోతకు కూర్చున్నటువంటి పిల్లలనే ఈ పని జరిగే చోటి నుంచి మొట్టమొదట దూరంగా ఉంచాలన్నది వాటిలో ముఖ్యమైనది.