పాత సీరియల్ పోర్టు నుంచి కొత్త నెట్‌వర్క్‌కు
(కొత్తగూడెం స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగం)



1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద మన దేశంలో ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. అలాంటిదొకటి పాత సామాన్ల కొట్లో దొరికితే, ఫ్లాపీలతో సహా తెచ్చుకున్నాను.

దాని వెనుక అయిదు పిన్నుల సీరియల్ పోర్టు ఉంటుంది. తొందరపడి నేరుగా వైఫై బోర్డుకు కలిపాను. సీరియల్ లైను ప్లస్ 5, మైనస్ 5 వోల్టుల మధ్య మారుతుంటుంది, బోర్డుది 3.3 వోల్టులే. కాలిపోయింది. తప్పు నాదే.

కొత్త బోర్డు తెచ్చి, మధ్యలో మ్యాక్స్ 3232 చిప్పు పెట్టి, రెండు వైపులా వేగం 9600కు సరిచేశాను. ఎవరో పిల్లలు రాసిన ఎక్కాల ప్రోగ్రాము నా ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది!

అందుకే నాదొక్కటే మనవి: మన బడి కొట్టుగదిలో పాత కంప్యూటరు, ఫ్లాపీలు కనిపిస్తే పాత ఇనుముకు వేయకండి. ముందు మాకు కబురు పెట్టండి. అందులో మన పిల్లల చేతిరాత ఉండొచ్చు.